నానమ్మ లాటిన్ పూజ

ఆదివారం

గాజుల దుకాణం పైనున్న అద్దె హాలులో పాత పద్ధతిలో జరిగే లాటిన్ పూజకు ఇక వెళ్లొద్దని బాపు ఈరోజు తేల్చి చెప్పాడు. అక్కడ పూజ జరిపించే గురువుల సంఘం పోపుగారి అనుమతి లేకుండానే కొత్త బిషప్పులను అభిషేకించబోతోందట.

"పోపుగారినే కాదన్నంక ఆడ మనకేం పని అమ్మా?" అన్నాడు నానమ్మతో.

"ఫాదర్ పొద్దుగాల గూడ పూజల పోపుగారి పేరు తీసుకున్నడు గదరా."

"పేరు తీసుకుంటరు, మాట మాత్రం వినరు. ఏం లొల్లి ఇది!"

నానమ్మకు అక్షరం రాదు. పూజలో గురువు మాటలకు అందరూ బదులు చెప్పే లాటిన్ జవాబులు, చిన్నప్పుడు చెవిన పడ్డవి, మాత్రం ఒక్కటీ తప్పదు. నేను బడికి వెళ్లకముందే తన తెల్ల ముసుగు నా తలమీద కూడా కప్పి అవి నేర్పింది. తర్వాత పూజ పుస్తకంలో నేను ఆ లైను వెతికేలోపే తను చెప్పేసి, "గింత సదివి ఇంకా దేవులాడుతున్నవా?" అని నవ్వేది.

సాయంత్రం జపమాల ముగిశాక ఎప్పటిలాగే పోపుగారి కోసం ఒక పరలోక జపం చెప్పించింది. బాపు కూడా గొంతు కలిపాడు. ఆయన లేచి వెళ్లాక నన్ను మెల్లగా అడిగింది. "బిడ్డా, వచ్చే ఆదివారం నువ్వు తోల్కపోతవా?"

బాపు చెప్పింది తప్పు అని నేను అనలేను. ఆమె ముసుగు మడతపెడుతూ కూర్చున్నాను. నానమ్మ ఆ జవాబులు తనలో తానే చెప్పుకుంటోంది. చూసుకుంటే నా పెదవులు కూడా కదులుతున్నాయి...