వాన వెతికే ఉద్యోగం

మార్చి 17, ఆదివారం, మధ్యాహ్నం

పిన్నికి,

నీ అక్క కూతురు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త తగ్గింది. పరీక్షలు బాగానే రాశాను. నువ్వూ బాబాయీ కూడా క్షేమమని తలుస్తాను అని ఇక్కడ రాయాలి. రాయలేకపోతున్నాను. బాబాయి ఎలా ఉన్నాడో నాకు తెలుసు, ఎందుకలా ఉన్నాడో కూడా తెలుసు. ఫోన్‌లో చెబితే నువ్వు మధ్యలో అడ్డొస్తావు. కాగితానికి అడ్డురావడం కుదరదు కదా, అందుకే ఉత్తరం. చివరిదాకా చదువు. బాబాయికి చదివి వినిపించాలో వద్దో చదివాక నువ్వే తేల్చుకో.

కాలేజీ అయ్యాక మధ్యాహ్నాలు ఒక ఆఫీసులో పనిచేస్తున్నానని నీకు తెలుసు. ఏం పనే అని నువ్వడిగితే ఉత్తరప్రత్యుత్తరాలు అన్నాను. అది విని బాబాయి మురిసిపోయి, మా నిఘంటువుకి మాటలతోనే జీతం వస్తోందోయ్ అని తన గడియారాల కొట్టుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడట. అవి ఏం మాటలో ఇప్పుడు చెబుతాను.

మా గుమ్మం మీద ఏ బోర్డూ ఉండదు. విమానాల కంపెనీల తరఫున, వాళ్ళకొచ్చే ఫిర్యాదులకి జవాబులు రాసిపెట్టే ఆఫీసు మాది. విమానం మూడు గంటలకు మించి ఆలస్యమైనా, చెప్పాపెట్టకుండా రద్దయినా, తప్పు కంపెనీదైతే ప్రయాణికుడికి పరిహారం ఇవ్వాలి. అది అతని హక్కు, ఎవరి దయా అక్కర్లేదు. ఆ నియమాల పుస్తకం మా గదిలోనే అలమర మీద ఉంది. దాని మీద ఎవరో పూలకుండీ పెట్టారు. అయితే తుఫానో పొగమంచో అడ్డొచ్చి ఎగరలేకపోతే మాత్రం పరిహారం ఇవ్వనక్కర్లేదు. అప్పుడు కూడా తిండీ, పడుకోవడానికి చోటూ ఇచ్చి తీరాలనుకో. జనవరిలో మీ ఇద్దరికీ ఇచ్చింది చెరో నీళ్ళ సీసా. సరే, మా పని ఏమిటంటే, ఫిర్యాదు రాగానే వాన వెతకడం.

నిజంగానే ఆ మాటే వాడతారు పిన్నీ. వాన దొరికిందా అంటే దొరికింది అంటారు. విమానం ఒక్కచోట ఉండదు, రోజుకి నాలుగైదు ఊళ్ళు తిరుగుతుంది. మీ ఊళ్ళో ఎండ ఫెళ్ళున కాస్తున్నా సరే, ఆ విమానం అంతకుముందు దిగిన ఏదో ఒక ఊళ్ళో నాలుగు చినుకులు పడి ఉంటే చాలు. ఆ ఊరి వాతావరణ నివేదిక తెచ్చి జవాబుకి అతికిస్తాం. నా పక్క కుర్చీలో ఉండేది పదకొండేళ్ళుగా ఇదే పని చేస్తున్న పెద్దాయన. ఆయన్ని అందరూ గొడుగు అంటారు. నేను చేరిన మొదటి వారం ఒక ఫిర్యాదుకి ఎంత వెతికినా వాన దొరక్క దిక్కులు చూస్తుంటే, లోకం ఇంత పెద్దది కదమ్మా, ఎక్కడో అక్కడ పడకుండా పోతుందా, నీకు ఓపిక ఉండాలి గానీ అన్నాడు. గదంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. మా గదికి కిటికీ లేదు. రోజంతా ఆకాశం గురించి రాసేవాళ్ళం పన్నెండుమందిమి ఆకాశం కనపడని గదిలో, ఎప్పుడూ తడి బట్టల వాసన వేసే తివాచీ మీద కూర్చుంటాం.

సిగ్గుపడుతూ ఒప్పుకుంటున్నాను, మొదట్లో నన్ను బాధపెట్టింది ఆ మోసం కాదు, ఆ వాక్యం. "ప్రతికూల వాతావరణ పరిస్థితుల దృష్ట్యా మీ అభ్యర్థనను పరిగణించజాలమని తెలియజేయుటకు చింతిస్తున్నాము." ఎంత చచ్చిన వాక్యమో చూడు. చింతిస్తున్నది ఎవరు? ఎక్కడ కూర్చుని చింతిస్తున్నారు? మాటలంటే నాకున్న పిచ్చి నీకు కొత్త కాదు. లైబ్రరీలో పాత పుస్తకాలు ముందేసుకుని, నచ్చిన మాటల్ని నోటుబుక్కులోకి ఎక్కించుకుంటున్న రోజులవి. చెయ్యి ఊరుకోలేదు. దాన్ని తీసేసి సొంతంగా ఇలా రాశాను:

"మీరు ఆ కుర్చీల్లో గడిపిన గంటలను మేము వెనక్కి తేలేము. ఎదురుచూపు ఎంత బరువో మోసినవారికే తెలుస్తుంది. ఆకాశం ఆ రోజు ఎవరి మాటా వినలేదు. వినుంటే ఎంత బాగుండేదని మీతోపాటు మేమూ అనుకుంటున్నాం."

రెండు వారాలయ్యాక మా ఆఫీసు నడిపే మేడమ్ పిలిచింది. తిడుతుందనుకున్నాను. బిస్కెట్ల డబ్బా నా ముందుకి జరిపి, తను కూడా ఒకటి నములుతూ అంకెలు చూపించింది. పాత జవాబు అందుకున్న వందమందిలో అరవైమంది తిడుతూనో బెదిరిస్తూనో మళ్ళీ రాసేవారు. నా జవాబు అందుకున్న వందమందిలో తొమ్మిదిమందే రాశారు. నీ చేతిలో ఏముందే తల్లీ, చదివి ఏడ్చి ఊరుకుంటున్నారు జనం అంది. మర్నాటికల్లా నా పేరా పన్నెండుమంది తెరల మీదికీ ఎక్కింది. ఆ సాయంత్రం నేను ఇంటికి నడిచి వచ్చాను పిన్నీ. బస్సెక్కితే ఆ సంతోషం తొందరగా అయిపోతుందనిపించింది.

ఇక మీ సంగతి. నీకు తెలిసిందే అయినా నేను రాయాలి. బాబాయి ఎడమకంటి నల్లగుడ్డు మీది పొర మసకబారి గడియారాల కొట్టు సగం మూతపడిన సంగతీ, ఎవరో పోతూ పోతూ దానం చేసిన పొర కోసం ఆయన పద్నాలుగు నెలలు వంతు కాచుకోవడమూ నేను మర్చిపోలేదు. జనవరిలో ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, పొర వచ్చింది, రేపు మధ్యాహ్నానికల్లా వచ్చెయ్యండి, ఆలస్యమైతే తర్వాతి వాళ్ళకి వేసేస్తాం అని. పొద్దున్న ఏడు గంటల విమానానికి మీరు ఐదింటికే వెళ్ళి కూర్చున్నారు. ముందు గంట ఆలస్యం అన్నారు, తర్వాత ఇంకో గంట అన్నారు, పదకొండింటికి రద్దు అన్నారు. మర్నాడు మీరు వెళ్ళేసరికి ఆ పొర ఇంకెవరి కంట్లోనో ఉంది. పోన్లే, ఎవరో ఒకరికి చూపొచ్చిందిగా అన్నాడట బాబాయి. ఇప్పుడు ఆయన వంతు మళ్ళీ వెనక్కి పోయింది. గడియారం మూత తీస్తాడు, కాసేపు దాని మీదికి వంగుతాడు, మళ్ళీ మూసేస్తాడు అని నువ్వు చెప్పినప్పుడు నేను మాట మార్చాను.

నువ్వు పరిహారం అడుగుతూ రాశావు. జవాబు వచ్చింది. పోయిన నెల ఫోన్ చేసి దాన్ని నాకు చదివి వినిపించావు. ఆ రెండో వాక్యాన్ని రెండుసార్లు చదివావు. డబ్బు ఇవ్వకపోతే ఇవ్వకపోయారు, మనుషుల్లా రాశారే, ఇలాంటివాళ్ళ మీద మళ్ళీ అర్జీ ఏం పెడతాం, రాసినవాడెవడో గానీ మంచి మనసున్నవాడు అన్నావు. బాబాయి వెనకనుంచి, దాచిపెట్టవే దాన్ని అంటున్నాడు. అంతటితో ఊరుకున్నావా? నువ్వూ ఎప్పుడూ మాటలు మాటలు అంటావు కదే, నేర్చుకుంటే ఇలా రాయడం నేర్చుకో అన్నావు. సరే అన్నాను. ఏమే, ఏడుస్తున్నావా అని అడిగావు. అవునన్నాను. ఏడవలేదు. ఫోన్ పెట్టేసి కక్కుకోవడానికి స్నానాలగదికి పరిగెత్తాను.

నమ్ము పిన్నీ, అది నీకు వెళ్తోందని నాకు తెలియదు. మా తెర మీద ఫిర్యాదు నంబరు తప్ప పేర్లు కనిపించవు. నీ ఫోన్ వచ్చిన మర్నాడు వెళ్ళి ఫైలు తెరిచి చూశాను. ఆ రోజు మీ విమానానికి ఏ జబ్బూ లేదు. ఆకాశం అద్దంలా ఉంది. పొద్దున్న ఆరూ పదికి ఒక ముక్క రాసి ఉంది: మరో మార్గంలో ప్రయాణికులు ఎక్కువ, విమానం అటు మళ్ళింపు. మీ దానిలో అరవై ఒక్కమంది, అక్కడ నూట డెబ్బై. అంతే. మీకు అతికించిన వాన ముందురోజు సాయంత్రం వేరే ఊళ్ళో ఇరవై నిమిషాలు కురిసింది. ఆ వానలో కూడా ఆ విమానం వేళకే దిగింది.

గొడుగుతో చెప్పాను, అది మా పిన్నిదండీ అని. అయ్యయ్యో పాపం అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు. వెంటనే తన తెర వైపు తిరిగి, ఆ చినుకు చాలదేమోనమ్మా, పోనీ కాస్త పెద్ద వాన చూసిపెట్టనా అన్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, అదే నాకు ఇంకా ఒళ్ళు జలదరించేలా చేసింది. అప్పటినుంచి అక్కడ ఏది చూసినా రోతగా ఉంది. నా నోటుబుక్కు కూడా. దాన్లో "ఎదురుచూపు" అనే మాట కింద రెండు గీతలు గీసుకున్నాను. ఏదో పుస్తకంలో దొరికినప్పుడు అంత బాగున్న మాటని తెచ్చి నీ నోరు మూయడానికి కుక్కాను. బిస్కెట్ల డబ్బా మూత చప్పుడు వింటే వెగటు. మేడమ్ నన్ను తల్లీ అని పిలిస్తే అసహ్యం. తెర మీద నా పేరా పన్నెండు చోట్ల ఒకేసారి కనిపిస్తే, నేను కక్కినదాన్ని పన్నెండు పళ్ళాల్లో వడ్డించినట్టుంది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది విను. ప్రయాణికుల ఫిర్యాదుల మండలికి అర్జీ పెట్టుకోవడానికి ఈ నెల ముప్పై ఒకటిదాకా గడువుంది. ఆ రోజు ఆ విమానం ఎక్కడెక్కడ తిరిగిందో రికార్డు ఇమ్మని అందులో అడుగు. రాతపూర్వకంగా అడిగితే ఇవ్వక తప్పదు. ఎవరూ అడగరు, అదే వీళ్ళ ధైర్యం. నేను చేరిన ఈ ఏడు నెలల్లో ఇద్దరే అడిగారు, ఇద్దరికీ పది రోజుల్లో డబ్బు ముట్టింది, నా పేరాని అడ్డం పెట్టుకోవడానికి కూడా ఎవరూ చూడలేదు. మీకు వచ్చేదానితో ఆసుపత్రి మళ్ళీ పిలిచినప్పుడు రెండు టికెట్లూ, అక్కడ గది అద్దె ఖర్చూ వెళ్ళిపోతాయి. పిలుపొచ్చిన రోజున డబ్బు సర్దుకునే టైముండదని నాకంటే నీకే బాగా తెలుసు.

అర్జీ నన్ను రాసివ్వమని మాత్రం అడగకు. నువ్వు కూరలవాడితో మాట్లాడినట్టు రాయి చాలు. విమానం బాగుంది, వాతావరణం బాగుంది, మీ లాభం కోసం దాన్ని వేరేచోటికి పంపారు, మాకు రావలసింది మాకివ్వండి. దాచిపెట్టిన ఆ జవాబుని బయటికి తీసి అర్జీకి జతచెయ్యి. ఇంకోసారి చదవకు.

బాబాయికి నా నమస్కారాలు చెప్పు, చెప్పాలనిపిస్తేనే.

ఇట్లు,
నీ అక్క కూతురు

తా.క.: అతికించిన కవరు చించి ఇది రాస్తున్నాను. పేర్లు కనిపించవని పైన రాశాను చూడు, అది అబద్ధం. అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో కనిపించేవే పేర్లు. నీ పేరు చూశాను. దాని కింద బాబాయి పేరు, వయసు, ప్రయాణ కారణం అన్నచోట కంటి ఆపరేషన్ అని నీ చేతిరాత. మర్నాడు ఫైలు తెరిచానన్నదీ అబద్ధమే, అప్పటికి దాన్ని మొత్తం చదివేసి రెండు వారాలైంది. బంధువుల ఫిర్యాదులు మేం ముట్టుకోకూడదని నియమం ఉంది. లేచి మేడమ్‌కి చెబితే సరిపోయేది. కానీ ఆ రోజుకి ఇరవై ఉత్తరాలు పూర్తి చెయ్యాలి, నీది పంతొమ్మిదోది. చదువవగానే నన్ను పర్మనెంట్ చేసే కాగితం సంతకం కోసం ఆవిడ బల్ల మీద ఉంది. నీకు వాన నేనే వెతికాను పిన్నీ. నాలుగు ఊళ్ళు చూశాక దొరికింది. దొరికినప్పుడు హమ్మయ్య అనుకున్నాను.

పైన ఆడిన అబద్ధాలు కొట్టెయ్యలేదు. నేను ఎంత నున్నగా రాస్తానో నువ్వు చూడాలి. ఈ ఉత్తరం మొత్తం, ఈ ముక్కతో సహా, నీ అర్జీకి జతచెయ్యి. కాగితం వెనక నా పూర్తి పేరు, ఉద్యోగి నంబరు రాసి సంతకం పెట్టాను. మొన్న శుక్రవారం ఆ పర్మనెంట్ కాగితం మీద సంతకం పడింది, అమ్మకి ఇంకా చెప్పలేదు. నా మీద జాలిపడి ఈ ఒక్క పేజీ తీసేస్తావేమోనని, దీని నకలు ఒకటి నేనే రేపు పొద్దున్నే మండలికి పంపుతున్నాను. నీ అర్జీ అందకపోతే వాళ్ళకి దాన్ని దేనితో కలపాలో తెలియదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపు.