మోచేతి మాసిక

పాస్టరు అయ్యగారికి,

వందనాలు. కోపంలో పెట్టినా వందనాలు వందనాలే.

మీ తెల్లగౌను బాగుచేసి పంపిస్తున్నాను. నేను బడిలో చదివింది నాలుగో తరగతి, తక్కిన చదువంతా బట్టల మీదే. బేగంపేట ఆఫీసుల ప్యాంట్లు కూర్చునేచోట అరుగుతాయి. మీ గౌను మోచేతుల దగ్గర అరిగింది, ప్రసంగపీఠం మీద ఆనించి ఆనించి. మోకాళ్ల దగ్గర మాత్రం కొత్తదిలాగే ఉంది. సరే, ఆ సంగతి వదిలేద్దాం.

మొన్న ఆదివారం "బతుకంతా దేవుడికి అర్పించడమే ఆరాధన" అని గంటసేపు చెప్పారు. అంతకుముందే, రాంగోపాల్‌పేట్ వీధులు ఊడ్చి డ్యూటీ కోటుతోనే పరుగెత్తుకొచ్చిన సుగుణమ్మను "ఈ బట్టలతో ఆరాధనకా? మార్చుకొని రామ్మా" అని గుమ్మంలోనే ఆపారు. ఆరాధన ముగిసి నేను వచ్చేసరికి ఆమె నా దర్జీ దుకాణం ముందు కూర్చొని ఉంది.

"మామా, జెర నిజం చెప్పు. నా దగ్గర వాసనొస్తున్నదా? ఇగ నేను చర్చికి పోను" అంది.

ఆ నారింజరంగు కోటు కూడా నేనే బాగుచేస్తాను. చీపురు ఊపి ఊపి కుడిచంక కింద కుట్లు తెగిపోతుంటాయి. మీరు గంటసేపు చెప్పిన అర్పణ, అయ్యగారూ, ఆ తెగిన కుట్లే. దాన్నే మీరు బయట నిలబెట్టారు.

గౌను మోచేతికి మాసిక ఆ కోటు మిగులు ముక్కతోనే వేశాను. తెల్లగుడ్డ లేక కాదు. మీరు చేతులెత్తి దీవిస్తే సంఘమంతా చూస్తుంది. సుగుణమ్మ ఇంటికి మీరే వెళ్లి పిలుచుకురండి, తెల్లది వేసిస్తాను. ఈలోగా ఆ మాసిక విప్పారంటే, కనిపించేది చిరుగే.

మీ సంఘపు దర్జీ