మేడెక్కిన బర్రె

31 ఆగస్టు 2024, శనివారం
కోదాడలో పొద్దుటి నుంచి ఒకటే వాన. మా ఆయన రవి మిర్యాలగూడ రైస్ మిల్లులోనే చిక్కుకుపోయాడు. రేపు వస్తానని ఫోన్ చేశాడు.

1 సెప్టెంబర్, ఉదయం 6
ఇంట్లోకి నీళ్లు.

అదే రోజు, మధ్యాహ్నం
ఎదురింటి భాస్కర్ సార్ మేడ మీద కూర్చుని రాస్తున్నాను. పొద్దున అత్తమ్మ నడుము లోతు నీళ్లలో నిలబడి బర్రె తాడు వదలనంది. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. “నువ్వు పో బిడ్డా. దీన్ని ఇడిసిపెట్టి నేనెట్ల వస్త?” అంది.

పేడ వాసనంటూ ఏడేళ్లుగా మాతో గొడవపడుతున్న మనిషి సార్. రిటైర్డ్ లెక్కల టీచర్, ఒక్కరే ఉంటారు. ఆయనే లుంగీ ఎగగట్టి దిగివచ్చారు. “బర్రెను గూడ తీస్కరా గోపమ్మా, మెట్లెక్కిద్దాం” అన్నారు అత్తమ్మతో. ఆయన ముందు లాగారు, మేమిద్దరం వెనక నుంచి తోశాం. ఎక్కింది! ముగ్గురం పిచ్చివాళ్లలా నవ్వాం. అంతలో మా వెనక గది గోడ కూలిన చప్పుడు.

2 సెప్టెంబర్
హైవే మీద నీళ్లు. రవి ఫోన్ కలవడం లేదు. వీధి చివర సీతాబాయి వాళ్ల రెండు బర్రెలూ కట్టేసిన చోటే చచ్చిపోయాయి. అత్తమ్మ అన్నం ముట్టలేదు. ఈ పూట పాలన్నీ సీతాబాయి ఇంటికే పంపింది.

3 సెప్టెంబర్
రవి వచ్చాడు! సగం దూరం నడిచాడట. కూలిన గోడ వైపు చూడనే లేదు, వాళ్లమ్మను పట్టుకుని భోరుమన్నాడు. “మెల్లగ ఏడ్వురా, బర్రె బెదురుతది” అందామె.

5 సెప్టెంబర్
నీళ్లు పోయాయి. బర్రె మాత్రం దిగడం లేదు. మెట్టు చూస్తే చాలు, నాలుగు కాళ్లూ బిగదన్నుతుంది. ఉండనీయండి, ఏం తొందర అంటున్నారు సార్. గడ్డి ఆయనే వేస్తున్నారు. పొద్దున దానికి పేపర్ చదివి వినిపించడం నా కళ్లతో చూశాను.

8 సెప్టెంబర్
మెట్ల మీద ఇసుక బస్తాలు వాలుగా పేర్చి, పైన గడ్డి పరిచి, వీధంతా కలిసి దించాం. గంటన్నర పట్టింది. గోడ కూలిన చోట టార్పాలిన్ కట్టి మేమూ ఇల్లు చేరాం. మేడ కడిగిపెడతానంటే సార్ వద్దన్నారు.

10 సెప్టెంబర్
సాయంత్రం సార్ వచ్చారు. పనేం లేదట. కొట్టంలో చాలాసేపు నిలబడి వెళ్లారు. అత్తమ్మ అక్కడ ఓ కుర్చీ వేయించింది.