నాన్న కొత్త ముక్కు

మార్చి 9, పొద్దున్నే ఒక వింత.

అమ్మా, నాన్న కులాసా. పుండు కోసేసిన చోట నుదుటి చర్మం దించి ముక్కు కట్టారు కదా, దానిమీద ఈగ వాలితే నాన్న నుదురు గోక్కున్నారు! "ఆ ముక్కింకా తను నుదురేననుకుంటోంది," అంది నర్సమ్మ. "అయితే నా ముక్కుమీది కోపం ఎటుపోయింది?" అన్నారు నాన్న.

ముక్కుకు నెత్తురు నుదుటినుంచి వచ్చే చర్మపు తొడిమలోంచే అందుతోంది. డాక్టరు దాన్ని కాసేపు నొక్కిపట్టినా ముక్కు నల్లబడలేదు. రేపు ఏడింటికి తొడిమ కోసేస్తారు, ఇక అది సొంతంగా బతకాలి.

మామయ్యను నాన్నకు సిగరెట్లు తేవద్దను, పొగ తాగితే ముక్కుకు నెత్తురు అందదట. చెల్లి పరీక్ష ఎలా రాసింది? అందరికీ నమస్కారాలు.

నాన్న నుదురు నిమరమని రాశావు. అక్కడ కట్టుంది. రేపు లోపలికి తీసుకెళ్లేముందు ముక్కునే నిమురుతాను.