మగ్గమెక్కిన చీర

శుక్రవారం, రాజమండ్రి

ఎంటెక్ ప్రాజెక్టు వైవా అయిపోయింది. మా టీమ్‌లో నాకే ఎక్కువ మార్కులు వచ్చేలా ఉన్నాయి. "టీమ్ లీడర్ అంటే ఇలా ఉండాలండి," అన్నారు గైడ్ గారు. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు.

ఉప్పాడ నేత కార్మికుల కోసం చీరల ఆర్డర్లు తీసుకునే యాప్ చేశాం. వాళ్ల ఇళ్లకు నాలుగుసార్లు వెళ్లి అన్నీ కనుక్కొచ్చింది మా టీమ్‌లోని సువర్ణ. నేను ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆర్డర్ల భాగం రాసింది కూడా ఆమే. నిన్న దాన్ని పరీక్షిస్తూ ఒక ఆర్డరులో రంగు మార్చబోతే యాప్ ఒప్పుకోలేదు. పొరపాటనుకుని, అలా ఆపుతున్న నాలుగు లైన్ల కోడ్ తీసేశాను. ఆమెకు ఫోన్ చేయాలని తోచలేదు. లీడర్ని కదా!

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఈరోజు సువర్ణనే అడిగారు. "చీర మగ్గమెక్కాక రంగు మార్చమంటే ఏంటమ్మా పరిస్థితి?"

"మార్చనివ్వదండి. అప్పటికే నూలుకి రంగులు అద్దేస్తారు కదండి," అంటూ ధైర్యంగా బటన్ నొక్కింది. రంగు మారిపోయింది. స్క్రీన్ వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది.

"సారీ అండి, నేనే ఎక్కడో తప్పు చేసుంటాను," అంది.

అప్పుడైనా నోరు తెరవాల్సింది. నా బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాను.

సాయంత్రం నిడదవోలు రైలెక్కుతూ, "నాకు ఒక్క మాట చెప్పాల్సిందండి," అని మాత్రం అంది.

ఇందాక ఆమె పాత ఫైలు తెరిచాను. నేను చెరిపేసిన లైన్ల పైన ఒక గమనిక రాసిపెట్టింది. నిన్న అది చదవకుండానే తీసేశాను.

"ఇది తీసేముందు నన్ను అడగండి. ఉప్పాడలో మాటిచ్చి వచ్చాను."