నాలుగువందల పన్నెండు పాత్రలు, ఒక అరగంట

2వ తేదీ, ఆదివారం

సాయంత్రం 7:00. మా ఆవిడ వచ్చే ఆదివారం ఆటకి వస్తానంది. ఈ మాట ఎక్కడైనా రాసిపెట్టుకోకపోతే రేపటికి నేనే నమ్మను. అందుకే ఈ డైరీ.

పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం పళ్ళ డాక్టరు గారి క్లినిక్ వెనక గదిలో నలుగురం బల్ల చుట్టూ చేరతాం. డాక్టరు గారు కథ నడిపిస్తారు. నేనూ, బస్సు డ్రైవరూ, మా బావమరిదీ ఆ కథలో తలో పాత్ర అయిపోయి, పాచికలు వేసుకుంటూ గుహల్లో దూరతాం, డ్రాగన్లతో తలపడతాం. పదకొండేళ్ళుగా ఆవిణ్ణి రమ్మంటున్నాను. పదకొండేళ్ళుగా ఆవిడ "మీరు వెళ్ళిరండి" అంటోంది. హార్డ్‌వేర్ షాపులో స్టోరు చూసుకునే మొగుడు ఆవిడకి తెలుసు. కరెంటు పోతే టార్చి ఎక్కడుందని అడిగే మొగుడు తెలుసు. డ్రాగన్ ముందు కత్తి దూసి నిలబడేవాడు మాత్రం తెలియదు. వాణ్ణి ఒక్కసారైనా చూడాలని నా కోరిక.

షరతు ఒకటే పెట్టింది.

"అరగంటలో నా పాత్ర తయారవ్వాలి. ముప్ఫై ఒకటో నిమిషానికి లేచి వచ్చేస్తా. మళ్ళీ జన్మలో అడగకూడదు."

ఆవిడ ఆసుపత్రిలో రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. అరగంటంటే అరగంటే.

చిక్కల్లా మా వెబ్‌సైట్‌తోనే. ఎవరు ఏ పాత్రగా ఆడొచ్చో అందులో ఉంటుంది. నడిపేది నేనే. మొత్తం 412 రకాలు. ఎవరికి ఏది తోస్తే అది ఎక్కించుకుంటూ పోయాం, ఒక తీరూ తెన్నూ లేదు. పోయిన ఏడాది కొత్తగా వచ్చిన ఒకాయన రెండు గంటలు అది చదివి, తలనొప్పి మాత్ర అడిగి పుచ్చుకుని, మళ్ళీ కనిపించలేదు.

తీర్మానం: శనివారం సాయంత్రం ఆరుకల్లా 412నీ సర్దేయాలి. రోజుకి 69. పన్నెండు వందల రకాల స్క్రూలు కళ్ళు మూసుకుని తీసిచ్చేవాణ్ణి, నాకిదొక లెక్కా.

3వ తేదీ, సోమవారం

ఉదయం 5:30. లేచాను. టీ. కొత్త నోటుబుక్కు. నాలుగు రంగుల పెన్నులు. ఒళ్ళంతా ఉత్సాహం.

5:50. పద్ధతి ఖాయం చేశాను. షాపు పద్ధతే. సర్దాల్సిన సరుకంతా ముందు 'తాత్కాలికం' అనే ట్రేలో పోస్తాం. అందులోంచి ఒక్కొక్కటీ తీసి దాని డబ్బాలో వేస్తాం. శనివారం సాయంత్రం ఆరింటికి ట్రేలో ఏం మిగిలినా తుక్కులోకే. ఆ భయానికే మా దగ్గర పని జరుగుతుంది.

6:10. సైట్లో 'తాత్కాలికం' అని తెరిచి 412నీ అందులో పోశాను. శనివారం ఆరింటికి దానంతటదే ఖాళీ అయ్యేలా కూడా పెట్టాను. నా సంగతి నాకు తెలుసు. మెడ మీద కత్తి ఉంటేగానీ కదలను.

6:15. మొదటిది 'మనిషి'. 'మామూలువి' అని ఒక డబ్బా తెరిచి వేశాను. చూశారా, ఎంత తేలికో.

6:20. 'రాక్షసుడు'. 41 రకాలు. 38 మా బావమరిది రాసినవే. 'చల్లటి రాక్షసుడు', 'చలికాలపు రాక్షసుడు' అని రెండున్నాయి. రెండూ ఒకటే కదా? అడగాలి.

8:30. షాపుకి టైమైంది. ఇవాళ్టి మొత్తం: 1. రేపు 137 చేస్తే సరిపోతుంది.

4వ తేదీ, మంగళవారం

ఉదయం 6:00. బావమరిదికి ఫోన్ చేశాను. మనిషి వాషింగ్ మెషీన్లు బాగు చేస్తాడు, మనసంతా రాక్షసుల మీదే.

"రెండూ ఒకటెలా అవుతాయి బావా? చల్లటివాణ్ణి ముట్టుకుంటే చల్లగా ఉంటాడు. చలికాలపువాడు చలికాలంలోనే కనిపిస్తాడు."

"ఎండాకాలం వాడేం చేస్తాడు?"

"పడుకుంటాడు."

"చల్లటివాడో?"

"వాడికి పడుకునే తీరికెక్కడిది? సరేలే, నావాళ్ళని చంపుకుంటానంటే నీ ఇష్టం. అక్కతో నేను మాట్లాడతా."

అక్క పేరెత్తాక ఇంకేముంది. రెండూ ఉంచేశాను.

7:40. ఫోన్ పెట్టేశాక వాడికి ఇంకో ఆలోచన వచ్చిందట. 'వానాకాలపు రాక్షసుడు' ఎక్కించాడు, అదీ తాత్కాలికంలోకే. ఇప్పుడు 413. ఇవాళ్టి మొత్తం: మైనస్ 1.

5వ తేదీ, బుధవారం

ఉదయం 6:00. 'సగం చేప'. పైన ఆడమనిషి, కింద చేప. నీళ్ళలోవాటిలో వేయాలా, నేల మీదవాటిలో వేయాలా? తప్పు చేశాను. మా ఆట గ్రూపులో అడిగాను.

మధ్యాహ్నం 1:00. 214 మెసేజ్‌లు. డ్రైవరు వాదన: "బస్సెక్కగలదా లేదా? ఎక్కితే నేల మీదదే." డాక్టరు గారి వాదన: పళ్ళెలా ఉంటాయో తెలియకుండా ఏ సంగతీ చెప్పలేమని. ఓటింగ్ పెట్టాం. అటు రెండు, ఇటు రెండు.

సాయంత్రం 6:30. 'ఎటూ తేలనివి' అని కొత్త డబ్బా తెరిచి వేశాను. ఇద్దరూ అలిగారు. మొత్తం 2.

ఒక్క మాట నిజం చెప్పుకోవాలి. తొందరపడి చేసే పని కాదిది. మంచి సర్దుబాటుకి ఆలోచన ముఖ్యం, అంకెలు కాదు.

6వ తేదీ, గురువారం

ఉదయం. లేవలేదు. నిన్నటి 214 మెసేజ్‌లకి కళ్ళు మంట.

మధ్యాహ్నం 12:30, షాపులో. బ్రహ్మాండమైన ఆలోచన. ఆకారాన్ని బట్టి కాదు, స్వభావాన్ని బట్టి సర్దాలి. డబ్బాల పేర్లు చీటీల మీద రాసుకున్నాను: కోపిష్టివి. వెలుతురు పడనివి. అలిగితే మాయమయ్యేవి. ఎవరి మాటా విననివి.

సాయంత్రం 4:00. ఓనరు పిలిచారు. చేతిలో అరంగుళం వాషర్ల డబ్బా.

"ఏమయ్యా, ఏంటిది?"

చూశాను. 'అలిగితే మాయమయ్యేవి'. పరధ్యానంలో చీటీలన్నీ షాపు డబ్బాలకే అంటించేశాను. 'కోపిష్టివి' రంపాల మీద ఉంది.

"పొరపాటైంది సార్."

"వాషర్లు నిజంగానే మాయమవుతాయనుకో, అది వేరే సంగతి. తీసెయ్."

తీసేశాను. ఒక వడ్రంగి మాత్రం తుప్పు పట్టిన బోల్టుల మీద 'ఎవరి మాటా విననివి' ఉంచేయమన్నాడు, వెతుక్కోవడానికి సుఖంగా ఉందట. ఇంటికొచ్చాక సిగ్గుతో కంప్యూటర్ తెరవలేదు. మొత్తం 2.

7వ తేదీ, శుక్రవారం

ఉదయం 6:00. అసలు 413 ఎందుకు సర్దాలి? మూడు ప్రశ్నలు అడిగి, జవాబుల్ని బట్టి సైటే ఒక పాత్ర చూపిస్తే పోలా? ఇన్నాళ్ళూ ఈ బుద్ధి ఏమైందో.

8:15. ప్రశ్నలు 46 అయ్యాయి. 'మీకు తడి ఇష్టమా?' అని మొదలు. పరీక్షించడానికి 'పుట్టగొడుగు సన్యాసి'ని కూడా ఒక డబ్బాలో వేశాను. అడవిలో కదలకుండా కూర్చునే మహానుభావుడు. మొత్తం 3.

మధ్యాహ్నం 1:15, బస్సు డిపో. డ్రైవరు చేత భోజనం మధ్యలో 46కీ జవాబులు చెప్పించాను. వచ్చింది: పుట్టగొడుగు సన్యాసి. మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి అన్నిటికీ తలకిందులుగా జవాబులు చెప్పాడు. పుట్టగొడుగు సన్యాసి.

"పోనీలెండి. రోజంతా స్టీరింగ్ తిప్పేవాడికి కదలకుండా కూర్చునే ఉద్యోగం కంటే ఏం కావాలి," అన్నాడు. మంచివాడు.

సాయంత్రం 7:00. మా ఆవిడ అడిగింది.

"ఎంతవరకు వచ్చింది మీ సర్దడం?"

"అయిపోవచ్చింది."

"ఆదివారం డ్యూటీ వేరేవాళ్ళకి మార్చుకున్నా. మళ్ళీ వాళ్ళకి రెండు ఆదివారాలు చేసిపెట్టాలి."

నా ఆటకోసం రెండు ఆదివారాలు వదులుకుంది. అబద్ధమాడాను, అదీ ఆవిడతో.

8వ తేదీ, శనివారం

ఉదయం 6:00. షాపుకి సెలవు పెట్టాను. ఇవాళ 410. గంటకి 35 చొప్పున సరిగ్గా సరిపోతుంది.

7:30. బల్ల తుడిచాను.

9:00. కీబోర్డు విప్పి కడిగాను. ఆరాలి.

11:30. ఆరింది. 'ఎఫ్' మీట కనిపించడం లేదు.

మధ్యాహ్నం 12:15. దొరికింది. సైటు రంగు మరీ వెలిసిపోయినట్టుంది. నీలం పెట్టాను. ఆకుపచ్చ పెట్టాను. మళ్ళీ నీలం.

3:00. పది నిమిషాలు నడుం వాలుస్తాను.

6:02. లేచాను. సైటు చూశాను. 'తాత్కాలికం: ఖాళీ.'

ముందు హాయిగా అనిపించింది. ఖాళీ ట్రే చూస్తే హాయిగా అనిపించడం ఇరవై ఏళ్ళ అలవాటు.

6:03. కొంప మునిగింది.

6:10. 410 పాత్రలు. పదకొండేళ్ళు. మా బావమరిది రాక్షసుల్లో ఒక్కడూ లేడు. మిగిలింది మనిషి, సగం చేప, పుట్టగొడుగు సన్యాసి.

6:30. డాక్టరు గారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. "పాత కాపీ క్లినిక్ కంప్యూటర్లో ఎక్కడో ఉండాలి. అది రిపేరుకి పోయింది, సోమవారం గానీ రాదు," అన్నారు. రేపటి ఆట మానేద్దామా అని ఆయనే అడిగారు.

మానేద్దామని చెప్పడానికి పక్కగదిలోకి వెళ్ళాను. మా ఆవిడ రేపటికి చీర ఇస్త్రీ చేసుకుంటోంది.

"అక్కడ ఏసీ ఉంటుందా? స్వెట్టర్ తెచ్చుకోనా?"

"తెచ్చుకో," అన్నాను. వెనక్కి వచ్చేశాను.

9వ తేదీ, ఆదివారం

సాయంత్రం 7:30. ఇప్పుడే ఇంటికొచ్చాం. 'వచ్చాం' అని రాయడం బాగుంది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. రెండింటికి అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. ఆవిడ ఫోన్లో అరగంట టైమర్ పెట్టి బల్ల మీద ఉంచింది. సైటు తెరిచింది. నేను నేల చూపులు చూస్తున్నాను.

"మూడేనా?"

బావమరిది తన ఫోన్లో రాక్షసులకోసం పైకీ కిందకీ వెతుకుతున్నాడు. ముఖం పాలిపోయింది. "బావా, నా..." అనబోయాడు. డాక్టరు గారు బల్ల కింద వాడి కాలు తొక్కారు.

"ఈ మూడింటికేనా వారమంతా తెల్లారకముందే లేచి కూర్చున్నారు?" అంది ఆవిడ. జవాబుకోసం ఆగలేదు. "మనిషిగా ఎలాగూ రోజూ చస్తున్నా, అది వద్దు. సగం చేపనైతే మెట్లెక్కలేను. ఈ సన్యాసిని రాసుకోండి."

నాలుగు నిమిషాలు. టైమర్ ఆపేసింది.

ఆట మొదలైంది. గుహ వాకిట్లో డ్రాగన్. నేను లేచి నిలబడి, కత్తి దూసి, గట్టిగా సవాలు విసిరాను. నేనేం చెప్పానో నాకే గుర్తులేదు, గొంతు మాత్రం గదంతా మోగింది. ఆవిడ నన్నే చూస్తోంది. తర్వాత మెల్లిగా డ్రాగన్ వైపు తిరిగింది.

"పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?"

డాక్టరు గారు తడబడ్డారు. డ్రాగన్‌ని పదకొండేళ్ళలో ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. "లేదు," అన్నారు డ్రాగన్ గొంతుతో.

"మంచిది, ఖాళీ కడుపే కావాలి. చెయ్యి చాపు. అటు చూడు. చీమ కుట్టినట్టుంటుంది, అంతే."

డాక్టరు గారు నిజంగానే చెయ్యి చాపారు. పాచికలు వేస్తే ఆవిడదే గెలుపు. డ్రైవరు నవ్వి నవ్వి కుర్చీలోంచి జారాడు. డ్రాగన్‌కి రక్తహీనతని తేలింది. మేం దానికి మందులు రాసిచ్చి గుహ దాటాం. మూడు గంటల ఆట నాలుగున్నర గంటలు నడిచింది.

తిరిగొస్తుంటే మా వీధి మలుపులో ఆవిడ అంది:

"అక్కడ మీ గొంతు వేరేగా ఉంది."

"ఎలా ఉంది?"

"బాగుంది. ఇంట్లో కూడా అప్పుడప్పుడు అలా మాట్లాడొచ్చుగా."

తాళం తీశాను.

10వ తేదీ, సోమవారం

ఉదయం 5:30. ఇద్దరం లేచాం. టీ దగ్గర అంతా చెప్పేశాను. తాత్కాలికం, ఆరు గంటలు, నడుం వాల్చడం, అన్నీ. నవ్విన నవ్వుకి ఆవిడకి పొలమారింది.

"నాలుగొందలు ఉండేవని ముందే చెప్తే చూసి ఎంచుకునేదాన్నిగా?"

"అరగంట అన్నావు."

"మీరు చేయలేరనే అలా అన్నాను. రాకుండా తప్పించుకుందామని." టీ గ్లాసు పక్కన పెట్టింది. "వచ్చే ఆదివారం ఎన్నింటికి బయల్దేరాలి?"

డ్యూటీ? అడిగాను. అది తను చూసుకుంటుందట.

ఉదయం 6:00. డాక్టరు గారు మెసేజ్ పెట్టారు. రిపేరువాడు రాత్రే కంప్యూటర్ తెచ్చిచ్చాడు, పాత కాపీ దొరికింది, 412 వెనక్కి వచ్చేశాయి. వానాకాలపు రాక్షసుడు ఆ కాపీలో లేడు. బావమరిది మళ్ళీ రాశాడు, ఈసారి 'తొలకరి', 'ముసురు' అని రెండు రకాలుగా. 414.

కొత్త తీర్మానం: శనివారానికల్లా మొత్తం సర్దేయాలి. రోజుకి 69. ఈసారి ఇద్దరం. ఆవిడ వంటింట్లోంచి ఇంకో కుర్చీ లాక్కొచ్చుకుంది.

6:05. కొత్త వరుసలో మొదటిది తెరిచాం. 'దయ్యాల వైద్యుడు'.

6:20. "దయ్యానికి రక్తం ఎక్కణ్ణుంచి తీస్తాడు?" అని ఆవిడ. నాడి చూసి మందిస్తాడని నేను. చచ్చినవాళ్ళకి నాడేమిటని ఆవిడ.

8:45. ఇంకా మొదటి దాని మీదే ఉన్నాం. ఆవిడ పరీక్షల జాబితా రాస్తోంది, నేను చదివి వినిపిస్తున్నాను, గట్టిగా. ఇద్దరికీ డ్యూటీకి ఆలస్యమైంది. రేపటి నుంచి రోజుకి 83.