మారెక్‌కి లేని ఓటు

2016 జూన్ 18, శనివారం

మధ్యాహ్నానికి వేల్స్‌లోని టెన్బీ నుంచి ఇల్లు చేరాం. కారవాన్‌లో వారం ఉంటే సగం రోజులు వానే. అయినా జెస్లిన్ రోజూ బీచ్‌కి వెళ్ళాల్సిందేనని పట్టుబట్టింది. నాలుగేళ్ళ పిల్లకి వాన అడ్డమా. సుగుణ మాత్రం సముద్రం ముందు కూర్చుని కూడా హాస్పిటల్ డ్యూటీల రోటా చూసుకుంటూనే ఉంది.

గురువారం అక్కడి క్లబ్‌హౌస్‌లో యూరో కప్ ఫుట్‌బాల్, ఇంగ్లండ్, వేల్స్ మ్యాచ్ చూశాను. చుట్టూ వేల్స్ వాళ్ళ ఎర్ర చొక్కాలు. ఆఖర్న ఇంగ్లండ్ గోల్ కొడితే చప్పట్లు కొట్టబోయి చేతులు టేబుల్ కిందికి లాక్కున్నాను. అదే రోజు, రిమెయిన్ వైపు ప్రచారం చేస్తున్న ఒక మహిళా ఎంపీని చంపేశారన్న వార్త వచ్చింది. క్లబ్ మూల కూర్చున్న ఒక పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. యూరప్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా, రిమెయినా లీవా అన్న ఈ రెఫరెండం గొడవ మొదలయ్యాక జనం మాట్లాడే తీరే మారిపోయింది.

మేం లేని వారంలో మారెక్ మా పెరట్లో గడ్డి కూడా కోసి పెట్టాడు. మారెక్ మా పక్కిల్లు. పోలండ్ మనిషి, వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. నాకూ సుగుణకీ ఒకేసారి డ్యూటీ పడితే జెస్లిన్‌ని నర్సరీ నుంచి తెచ్చి, తినిపించి, నిద్రపుచ్చేది అతని భార్య దనూతా. స్విండన్‌లో మాకు చుట్టాలంటే వాళ్ళే.

జూన్ 19, ఆదివారం

చర్చి అయ్యాక షాలేమ్ రాజు అంకుల్ నన్ను పక్కకి పిలిచారు. మేం ఈ ఊరొచ్చిన కొత్తలో మాకు రూమ్ చూపించింది ఆయనే, అందుకని ఆయన మాట తీసెయ్యలేను. తెనాలిలో ఉన్న మా తమ్ముడు క్రిస్టఫర్ సంగతి అడిగారు. వాడికి మళ్ళీ వీసా రాలేదని చెప్పాను.

"ఎందుకొత్తదయ్యా? ఐరోపా వాళ్ళు వీసా లేకండా దిగిపోతంటే మనోళ్ళకి చోటెక్కడిది? ఆ తలుపు మూస్తేనే మన తలుపు తెరుస్తారు. లీవ్‌కి వెయ్యి" అన్నారు.

ఆ మాట తలలో తిరుగుతూనే ఉంది.

జూన్ 21

సాయంత్రం ఫెన్స్ దగ్గర మారెక్ నవ్వుతూనే ఒక మాట అన్నాడు. పదకొండేళ్ళుగా ఇక్కడ ట్యాక్స్ కడుతున్నాడు, కొడుకు ఇక్కడే పుట్టాడు, అయినా ఈ రెఫరెండంలో అతనికి ఓటు లేదు. నేను ఇండియా పాస్‌పోర్ట్ వాణ్ణి, అతని తర్వాత వచ్చాను, నాకుంది. కామన్వెల్త్ దేశాల వాళ్ళకి ఇక్కడ ఓటుంటుంది కదా. ఇదేం లెక్కో అర్థం కావట్లేదట.

పోతూ పోతూ, "నా ఓటు కూడా నువ్వే వెయ్యి, దయా" అన్నాడు.

సరే అన్నాను.

జూన్ 23, గురువారం

పొద్దున్నే అమ్మ ఫోన్. క్రిస్టఫర్ మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదట. "నువ్వు పెద్దోడివి, అక్కడున్నావు. ఏదో ఒకటి చెయ్యి నాయనా" అని ఏడ్చింది.

కమ్యూనిటీ సెంటర్‌లో ఓటు వేశాను. లీవ్.

బయటికొచ్చాక అంకుల్ ఫోన్ చేస్తే ఆయనకి మాత్రం చెప్పాను. రిమెయినే గెలుస్తుందని అందరూ అంటున్నారు. నా ఒక్కడి ఓటుతో మారేది ఏముంది.

జూన్ 24, పొద్దున 6

లీవ్ గెలిచింది. మన స్విండన్ కూడా.

అదే రోజు, సాయంత్రం

పొద్దున సుగుణ నైట్ డ్యూటీ దిగి వచ్చేసరికి టీవీ ముందే ఉన్నాను. వాళ్ళ వార్డులో స్పెయిన్ నుంచి వచ్చిన నర్సు స్టాఫ్ రూమ్‌లో కూర్చుని ఏడ్చిందట. తనూ ఏడ్చి వచ్చినట్టే ఉంది. మీరు ఓటు వేశారు కదా అని అడిగింది. వేశానన్నాను. అబద్ధం కాదు. అయినా తన మొహం చూడలేక టీ పెట్టే వంకతో కిచెన్‌లోకి వెళ్ళాను.

దనూతా మామూలుగానే జెస్లిన్‌ని తీసుకొచ్చింది. నిన్నటిలాగే నవ్వింది. పిల్ల సాక్స్ తడిస్తే వాళ్ళ అబ్బాయివి తొడిగింది.

జూన్ 25, శనివారం

పోలండ్, స్విట్జర్లాండ్ మ్యాచ్‌కి మారెక్ రమ్మన్నాడు. ఏ వంకా దొరక్క వెళ్ళాను. సోఫాలో నా పక్కనే కూర్చున్నాడు. ముందు పోలండ్ గోల్. తర్వాత ఆ స్విస్ కుర్రాడు గాల్లోకి లేచి కత్తెరలా కాళ్ళు ఆడించి కొట్టిన గోల్, అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. మారెక్ కూడా తల పట్టుకుంటూనే చప్పట్లు కొట్టాడు. ఆటంటే అతనికి అంత ప్రేమ. చివరికి పెనాల్టీల మీద పోలండ్ గెలిచింది.

నన్ను గట్టిగా కావలించుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు. రెండు రోజుల తర్వాత ఇప్పుడే ఊపిరి పీల్చుకున్నానన్నాడు. ఈ వీధిలో ఎవరు ఎటు వేశారో తెలియక అందరి మొహాలూ అనుమానంగా చూస్తున్నాడట. "మీ ఇల్లొక్కటే నాకు డౌట్ లేదు. నా ఓటు కూడా వేశావు, థాంక్స్" అన్నాడు.

దనూతా ప్లేట్ నింపి తెచ్చింది. తిన్నాను. ఒక్క ముద్ద కూడా వద్దనలేదు.

అప్పుడే చెప్పాల్సింది. నోట్లో తిండి ఉందని ఊరుకున్నానా? కాదు. ఆ థాంక్స్ బాగుంది. అందుకని ఊరుకున్నాను.

జూన్ 26, ఆదివారం

చర్చి లంచ్‌లో అంకుల్ నా వీపు తట్టి, అందరూ వినేలా, "మన దయారత్నం కూడా మన మాట నిలబెట్టాడు" అన్నారు. సుగుణ చేతిలో ప్లేటుతో అక్కడే ఉంది.

ఇంటి ముందు కారు ఆపాక జెస్లిన్‌ని లోపలికి పంపి, అప్పుడు అడిగింది. క్రిస్టఫర్ కోసం అని చెప్పాను. నిన్న మారెక్ థాంక్స్ చెప్పిన సంగతి కూడా చెప్పాను.

"మీ తమ్ముడి మీద ప్రేమ ఉండటం తప్పు కాదండీ. ఆ ఇంట్లో కూర్చుని థాంక్స్ చెప్పించుకుని, వాళ్ళన్నం తిని ఎలా వచ్చారు?" అంది. "నేను చెప్పను. మీరే చెప్పాలి."

రేపు చెబుతాను.

జూన్ 27, సోమవారం

చెప్పలేదు. ఇంగ్లండ్ ఐస్లాండ్ చేతిలో ఓడిపోయింది. ఆ దేశం మొత్తం జనాభా మన గుంటూరు కంటే తక్కువ.

జూన్ 28

నేను పనిచేసే ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో అందరూ ఒకటే జోకు. ఒక్క వారంలో ఇంగ్లండ్ రెండుసార్లు యూరప్ నుంచి బయటికి వచ్చిందని. అక్కడుండే మిస్టర్ హారిస్‌కి గడ్డం గీస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని, ఈ ఓటు నీ గురించి కాదు, నువ్వు మంచివాడివి, మిగతా వాళ్ళ గురించి అన్నాడు. ఎంతో ఆప్యాయంగా. మిగతా వాళ్ళంటే ఎవరని అడగలేదు. నాకు తెలుసు. పోయిన శనివారం వాళ్ళ సోఫాలోనే కూర్చున్నాను.

జూన్ 30, గురువారం

పోలండ్ ఓడిపోయింది, మళ్ళీ పెనాల్టీలే. మారెక్ పిలిచాడు, డ్యూటీ ఉందని చెప్పాను. లేదు. మా హాల్లో సౌండ్ తీసేసి చూశాను.

జూలై 9

బస్సులో దనూతా కొడుకుతో పోలిష్‌లో మాట్లాడుతుంటే వెనక సీటు మనిషి, గెలిచింది మేం, ఇంక మూటలు సర్దుకోండి అన్నాడట. ఎవరూ ఏమీ అనలేదట. ఆ సమయంలో జెస్లిన్ కూడా ఆమె ఒళ్ళోనే ఉంది. పిల్ల ఇంటికొచ్చి మూటలు సర్దుకోవడమంటే ఏంటని ఇంగ్లిష్‌లో అడిగింది.

సుగుణ నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

జూలై 10

వింబుల్డన్ మర్రే గెలిచాడు. యూరో పోర్చుగల్‌ది. దేని మీదా నాకు అభిప్రాయం లేదు.

జూలై 17

మారెక్ వాళ్ళు వెళ్ళిపోతున్నారు. పోలండ్‌లోని గ్దాన్స్క్‌లో బావమరిది వర్క్‌షాప్‌లో పనుందట. ఓటు వల్ల కాదు, వాళ్ళ అమ్మకి బాగుండట్లేదు అన్నాడు. దనూతా మాత్రం తలుపు దగ్గరే నిలబడింది. ఇప్పుడు బయట కొడుకుతో కూడా ఇంగ్లిషే మాట్లాడుతోంది.

ఆగస్టు 13, శనివారం

వ్యాన్‌లోకి సామాను ఎక్కించడానికి వెళ్ళాను. ఫ్రిజ్ ఇద్దరం మోశాం. పిల్లలిద్దరూ ఖాళీ అట్టపెట్టెల్లో దూరి ఆడుతున్నారు. వ్యాన్ తలుపు వేశాక, ఇంక మిగిలిన సమయం అంతే అని తెలిసి, చెప్పేశాను. లీవ్‌కి వేశానని. నా తమ్ముడి కోసమని. సారీ అని.

మారెక్ గ్లవ్స్ తీసి జేబులో పెట్టుకున్నాడు. కోప్పడలేదు. తమ్ముడి పేరేంటని అడిగాడు. చెప్పాను. వీసా వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను.

"తమ్ముడి కోసం నేనైనా వేసేవాణ్ణేమో. ఆ రోజే చెబితే తిట్టేవాణ్ణి, వారం మాట్లాడేవాణ్ణి కాదు, తర్వాత బీరు తెచ్చేవాణ్ణి. కానీ నా చేత థాంక్స్ చెప్పించుకున్నావు, దయా."

సుగుణనీ జెస్లిన్‌నీ కావలించుకున్నాడు. దనూతా ఏడుస్తూ జెస్లిన్ జుట్టు సరిచేసింది. నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. బ్యాంకులో మేనేజర్‌కి ఇచ్చినట్టు ఇచ్చాడు.

ఆగస్టు 19

ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో సింధుకి సిల్వర్. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులన్నీ మోగిపోతున్నాయి. చూడగానే మారెక్‌కి చెప్పాలని ఫెన్స్ దగ్గరికి వెళ్ళాను. అవతల గడ్డి అప్పుడే చీలమండ దాకా పెరిగింది.

సెప్టెంబర్ 3

పక్కింట్లోకి కొత్తవాళ్ళు దిగారు. ఆయన పేరు గ్యారీ. మంచి మనిషిలాగే ఉన్నాడు. మాటల్లో, నువ్వు ఎటు వేశావని నవ్వుతూ అడిగాడు.

నాకు ఓటు లేదని చెప్పాను.